కాకి వాలింది, తాటిపండు పడింది

రెడ్డియార్‌పాళయంలో మా పక్కింటావిడ పోయిన నెల ఒక సాయంత్రం ఫోను చేతిలో పట్టుకుని మా గుమ్మం ఎక్కింది. వాళ్ళది రెడ్డియార్ల కుటుంబం. ఎన్ని తరాల కిందట ఈ తమిళ నేలకు వచ్చారో వాళ్ళకే తెలీదు గానీ, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. ఆ తెలుగులో సగం తమిళం ఉంటుంది. నా యానాం తెలుగు విని వాళ్ళు నవ్వుతారు, వాళ్ళ తెలుగు విని నేను నవ్వుతాను. ఆ రోజు మాత్రం ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"అన్నా, ఇది చదవండి" అని ఫోను చేతికిచ్చింది.

సంగతేమిటంటే, ఆవిడ కొడుకు ఇంజనీరింగు ముగించి ఎయిర్‌ఫోర్స్ పరీక్ష రాశాడు. ఇంటర్వ్యూ దాటాడు, మెడికల్ దాటాడు. శిక్షణకు హైదరాబాదు దగ్గర దుండిగల్ వెళ్ళాలి. ఆ ఉత్తరం వచ్చిన రోజు వీధంతా లడ్డూలు పంచారు. తర్వాత ఎవరో బంధువు ఆవిణ్ణి ఒక న్యూమరాలజీ ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అబ్బాయి పేరులో అక్షరాలు కూడి, భాగించి, ఈ పేరుతో ఆకాశంలోకి వెళితే ప్రాణగండం అన్నాడు. ఒక అక్షరం కలిపితే గండం తప్పుతుందట. దానికో రుసుం. ఆవిడ తటపటాయించేసరికి సాక్ష్యంగా వాట్సప్‌లో ఒక సందేశం పంపాడు.

అందులో ఉన్నదిది: రెండో ప్రపంచయుద్ధంలో ఎమ్డెన్ అనే బ్రిటిష్ పైలట్ బాంబులు వెయ్యడానికి వెళ్ళి జర్మన్ యుద్ధనౌక మీద కూలి చనిపోయాడు. ఆ నౌక పేరు కూడా ఎమ్డెన్. "పేరులోనే రాత ఉంది. నమ్మనివాళ్ళు చరిత్ర చదువుకోండి."

నేను హేతువాదినని వీధిలో అందరికీ తెలుసు. ఇలాంటివి చూపిస్తే ఠక్కున "అబద్ధం" అంటానని ఆవిడ ఆశ. కానీ నేను అనలేకపోయాను. ఎందుకంటే ఆ కథ అబద్ధం కాదు.

ఈ తీరంలో పుట్టిన వాళ్ళకు ఎమ్డెన్ అనే మాట కొత్త కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ పేరు గల జర్మన్ యుద్ధనౌక మద్రాసు హార్బరు మీద గుళ్ళు కురిపించింది. చమురు ట్యాంకులు అంటుకున్నాయి, మనుషులు చనిపోయారు, భయంతో జనం ఊరు విడిచి పారిపోయారు. గుళ్ళు పేల్చి ఆ నౌక మన తీరం దాటి సింహళం వైపు వెళ్ళిపోయింది. అదే ఏడాది నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని పనికిరాకుండా చేసింది. నౌక పోయినా మాట మిగిలింది. తమిళంలో ఇప్పటికీ గడుసువాణ్ణి, గట్టివాణ్ణి ఎమ్డెన్ అంటారు. 2006లో ఆ మాట పెట్టి ఒక తమిళ సినిమాకు పేరు కూడా పెట్టి, తర్వాత మార్చారు. జర్మన్లు తమ తర్వాతి నౌకలకు మళ్ళీ ఆ పేరే పెట్టుకున్నారు. వాటిలో ఒకటి 1925లో నౌకాదళంలో చేరింది. వాట్సప్ సందేశంలో ఉన్నది ఈ ఎమ్డెన్.

ఇక ఆ దాడి. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే, 4వ తేదీన, బ్రిటిష్ విమానాలు జర్మన్ నౌకల మీద మొదటి బాంబుదాడికి బయల్దేరాయి. గురి విల్హెల్మ్స్‌హాఫెన్ నౌకాస్థావరం. మూడు స్క్వాడ్రన్ల నుంచి అయిదేసి బ్లెన్‌హైమ్ విమానాలు వెళ్ళాయి. ఒక స్క్వాడ్రన్‌కు ఆ వాతావరణంలో దారే దొరకలేదు, వెనక్కి వచ్చేసింది. ముందు వెళ్ళిన అయిదూ 110వ స్క్వాడ్రన్‌వి. వాటిలో నాలుగు తిరిగొచ్చాయి. రాని అయిదో విమానం నడిపినవాడే ఫ్లయింగ్ ఆఫీసర్ ఎమ్డెన్. ఎమ్డెన్ నౌక మీద కూలింది అతని విమానమేనని యుద్ధచరిత్రల్లో చెబుతారు. నౌక మీది జర్మన్ నావికులు కూడా కొందరు చనిపోయారు.

ఆ 110వ స్క్వాడ్రన్ పూర్తి పేరు వింటే మీరు ఉలిక్కిపడతారు. దాని పేరు 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ దళానికి విమానాలు కొనిచ్చాడు. ఆ విమానాల మీద హైదరాబాద్ అని రాసి, నంబర్లు వేశారు. 1918లో అవి ఫ్రాన్సు నుంచి ఎగిరి జర్మనీ ఊళ్ళ మీద బాంబులు వేశాయి. ఆ అక్టోబరులో ఒక్క దాడిలోనే ఏడు విమానాలు పోయాయి. జర్మన్ల చేతికి చిక్కిన ఒకటి, ఎఫ్ 1010, బెర్లిన్ మ్యూజియంలో కొన్నాళ్ళు, పోలండ్‌లో కొన్నాళ్ళు ఉండి, 1977లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి చేరింది. నిజాం ఖజానా అంటే చాలావరకు రైతుల శిస్తు. వెట్టిచాకిరీ చేస్తూ విమానం అనేదే ఎరగని తెలంగాణ పల్లెల వాళ్ళ చెమటతో కొన్న రెక్కలవి.

"చూశారా అన్నా, హైదరాబాద్ అని కూడా ఉంది! నా కొడుకు వెళ్ళేది కూడా హైదరాబాదే" అంది ఆవిడ, గొంతు వణుకుతూ.

చూడండి, నేను చరిత్ర చెప్పి ధైర్యం ఇద్దామనుకుంటే, ఆవిడకు ఇంకో శకునం దొరికింది. మనసు భయంలో ఉన్నప్పుడు ఇలాగే పనిచేస్తుంది. ఏది విన్నా తన భయానికే ముడి వేసుకుంటుంది.

మన పెద్దవాళ్ళు దీనికి ఒక చక్కని మాట పెట్టారు. కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వాలినందుకు పండు పడలేదు, పండు పడబోతోందని కాకి రాలేదు. రెండూ ఒక్కసారి జరిగాయి, అంతే. ఇంత హేతుబద్ధమైన మాట రోజూ వాడుతూ దాని అర్థం మాత్రం మరిచిపోయాం.

పేర్ల సంగతి చూద్దాం. ఎమ్డెన్ అనేది జర్మనీలో ఒక ఊరు. జర్మన్లు చాలా యుద్ధనౌకలకు ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు: కోల్న్, లైప్‌జిగ్, న్యూరెన్‌బర్గ్. ఊరి పేరు ఇంటిపేరు కావడం ఐరోపాలోనూ ఉంది, మనకు చెప్పనే అక్కర్లేదు. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో సగం ఊళ్ళే. మన నౌకాదళంలో గోదావరి అనే నౌక పనిచేసింది. రేపెప్పుడో గుంటూరు పేరుతో ఒక నౌక వచ్చి, దాని మీద గుంటూరు ఇంటిపేరు గల కుర్రాడు గాయపడితే అందులో వింతేముంది? ఒక గదిలో 23 మంది ఉంటే, అందులో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. లెక్క చేసి చూడని వాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు. ఇక ఆ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ దళం ఒక్కదానిలోనే 55,000 మందికి పైగా చనిపోయారు. అన్ని వేల పేర్లు, ఊళ్ళు, నౌకలు, తేదీలు, నంబర్లు ఉన్నచోట ఎక్కడా ఏదీ కలవకపోతేనే అసలు వింత.

పైగా ఏది కలవాలో ముందు ఎవరూ చెప్పలేదు. పిడక గోడకు విసిరి, అది అంటుకున్నాక చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, "చూశారా నా గురి" అన్నట్టుంటుంది ఈ వ్యవహారం. 110వ స్క్వాడ్రన్ చిహ్నంలో పులి ఉంది, నిజాం చిహ్నం నుంచి తీసుకున్నారు. అందుకని వాళ్ళను పులులేమీ మింగలేదు. ఆ సంగతి ఎవరూ వాట్సప్‌లో పంపరు. ఆ విమానంలో ఎమ్డెన్ ఒక్కడే లేడు, అతనితో పాటు పోయిన వాళ్ళ ఇంటిపేర్లు వేరు. కింద నౌక మీద చనిపోయిన నావికులను చంపింది ఏ పేరు? వాళ్ళకేం గండం రాసిపెట్టి ఉంది?

ఇదంతా ఆవిడకు చెప్పాను. చెబుతుండగానే ఇలాంటి మాటలు యాభై ఏళ్ళ కిందట మా ఇంట్లో ఎవరూ చెప్పలేదే అనిపించింది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు.

1974లో మా అన్నయ్య గౌతమి గోదావరిలో పోయాడు. అప్పుడు వాడికి 19 ఏళ్ళు, నాకు 12. యానాం నుంచి అవతలి ఒడ్డుకు అప్పుడు వంతెన లేదు. వరద రోజులు. చీకటి పడ్డాక ఒక చిన్న దోనెలో మోయగలిగినదానికి రెట్టింపు మంది ఎక్కారు. నడి ఏట్లో బోల్తా కొట్టింది. అన్నయ్యకు ఈత బాగా వచ్చు. దోనె అంచు తలకు తగిలిందని బతికి బయటపడ్డ వాళ్ళు చెప్పారు.

వాడి పేరులో గంగ ఉంది. ఆ పేరు పెట్టింది మా నాయనమ్మ. పుట్టినప్పుడు జబ్బు చేస్తే గోదారి తల్లికి మొక్కుకుని పెట్టిందట. పదో రోజున ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ అంది: "గంగ పేరు పెట్టారు, గంగ తీసుకుపోయింది." ఓదార్పుగానే అంది. విధి అనుకుంటే ఏడుపు తగ్గుతుందని ఆవిడ ఉద్దేశం కావచ్చు. కానీ ఆ మాట నాయనమ్మ గుండెలో గుచ్చుకుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికింది. ఏ పూటా "నేనే పెట్టానురా ఆ పేరు" అనకుండా అన్నం ముద్ద నోట పెట్టలేదు. చివరికి గోదారి వైపు కిటికీ కూడా మూయించేసింది.

దోనెలో అంతమందిని ఎవరు ఎక్కించారు, వరదలో చీకటి పడ్డాక ఎందుకు వదిలారు, పట్టుకోవడానికి ఒక్క గాలి ట్యూబైనా ఎందుకు లేదు అని మా ఇంట్లో ఒక్కరు అడగలేదు. ఊళ్ళో కూడా గట్టిగా అడిగినవాడు లేడు. గంగమ్మ తీసుకుపోయిందన్నాక ఇంకేం అడుగుతారు? మరుసటి ఏడు వరదకు కూడా దోనెలు అలాగే కిక్కిరిసి నడిచాయి.

విధి కథల మీద నా కోపం ఇందుకే. అవి అబద్ధాలని మాత్రమే కాదు. తప్పు చెయ్యని ముసలమ్మ మీద నేరం మోపుతాయి, జవాబు చెప్పవలసిన వాళ్ళను వదిలేస్తాయి.

విల్హెల్మ్స్‌హాఫెన్ దాడి కూడా అంతే. పేరు పక్కన పెట్టి చూస్తే కారణాలు చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తాయి. మబ్బులు కిందికి దిగి ఉండడంతో విమానాలు నౌకల స్తంభాల ఎత్తులో వెళ్ళవలసి వచ్చింది. అంత కింద నుంచి వేస్తే తమ బాంబు పేలుడు తమకే తగులుతుందని 11 సెకన్లు ఆగి పేలే ఫ్యూజులు పెట్టారు. అడ్మిరల్ షేర్ అనే పెద్ద నౌక మీద పడిన బాంబులు పేలనే లేదు. ముందు వెళ్ళిన హైదరాబాద్ స్క్వాడ్రన్ వచ్చినప్పుడు జర్మన్లు ఇంకా తేరుకోలేదు. తర్వాత 107వ స్క్వాడ్రన్ అదే చోటికి వచ్చేసరికి తుపాకులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ అయిదు విమానాల్లో నాలుగు కూలాయి. ఆ దళాల వాళ్ళలో ఇద్దరు మాత్రం బతికి ఖైదీలయ్యారు. వాతావరణం, ఫ్యూజు, వరస, ఉత్తర్వు. వీటిలో దేన్నీ న్యూమరాలజీతో సరిచెయ్యలేం, కానీ మనుషులు సరిచెయ్యగలరు.

ఆ 107వ స్క్వాడ్రన్‌లో కూలిన వాళ్ళలో ఒక కుర్రాడి గురించి చెప్పాలి. అతని పేరు ఏ నౌకతోనూ కలవలేదు కాబట్టి వాట్సప్ సందేశాల్లోకి ఎక్కలేదు. పైలట్ ఆఫీసర్ బ్రయన్ లైటాలర్. వయసు 21. ఆ ఇంటిపేరు కొందరికి తెలిసే ఉంటుంది. టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ అధికారులందరిలో పెద్దవాడు, సెకండ్ ఆఫీసర్ చార్లెస్ లైటాలర్, అతని తండ్రి. కావాలంటే ఇక్కడ కూడా ఒక విధి కథ అల్లుకోవచ్చు: 1912లో తండ్రిని వదిలేసిన సముద్రం 1939లో కొడుకును తీసుకుంది అని. కన్నీళ్ళు కూడా బాగా వస్తాయి. కానీ తండ్రి అలాంటి కథ అల్లలేదు.

1940 జూన్ 1న, కొడుకు పోయి ఏడాది కూడా నిండకముందే, 66 ఏళ్ళ వయసులో ఆయన తన సొంత పడవ సండౌనర్ తీసుకుని డంకర్క్ వెళ్ళాడు. జర్మన్ల మధ్య చిక్కుకున్న సైనికులను తీసుకురావడానికి. పడవను నౌకాదళానికి ఇచ్చెయ్యమంటే, ఇవ్వను, నేనే తీసుకెళతానన్నాడు. పెద్దకొడుకును, ఒక కుర్ర సీ స్కౌట్‌ను వెంటబెట్టుకున్నాడు. ఇరవై ముప్పై మంది హాయిగా కూర్చోగల ఆ పడవలో 125 మందికి పైగా సైనికులను కుక్కుకుని ఇంగ్లండుకు చేర్చాడు. దారిలో జర్మన్ విమానాలు పడవ మీదికి దూకుతూనే ఉన్నాయి. విమానం ముక్కు కిందికి వంగి తుపాకీ గురి కుదిరేదాకా ఆగి, ఆ క్షణంలో పడవను పక్కకు తిప్పాలి. ముందే తిప్పితే అది కూడా తిరుగుతుంది, ఆలస్యమైతే అయిపోయాం. ఈ కిటుకు ఆయనకు ఎవరు చెప్పారు? బ్రయన్. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు విమానాలు ఎలా దాడి చేస్తాయో, ఎలా తప్పించుకోవచ్చో తండ్రితో ముచ్చట్లాడేవాడు. పడవలో ఒక్క ప్రాణం కూడా పోకుండా ఒడ్డుకు చేరామంటే అది చాలావరకు తనకు తెలియకుండానే నా చిన్న కొడుకు చేసిన సాయమని ఆ తండ్రి తర్వాత రాశాడు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

మేం ఆత్మను నమ్మం, పునర్జన్మను నమ్మం. "మరి చనిపోయినవాళ్ళు ఏమవుతారు, మీకేం మిగులుతుంది" అని అడుగుతుంటారు. నా జవాబు ఆ పడవలో ఉంది. పోయినవాడు నేర్పినది ఉన్నవాడి చేతుల్లో పనిచేస్తుంది.

నాకు కూడా అలాంటిదొకటి జరిగింది. అన్నయ్య నాకు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి కాలవలో ఈత నేర్పాడు. నేను ఎదురీది అలిసిపోతే తిట్టేవాడు: "నీళ్ళతో కొట్లాడకురా, అవి నీకంటే బలమైనవి. ఏటవాలుగా పక్కకు జరుగు, ఒడ్డు అదే వస్తుంది." 1993లో ఇక్కడ వీరాంపట్నం బీచిలో స్నానానికి దిగితే అల వెనక్కి లాగి లోపలికి ఈడ్చుకుపోయింది. ఒడ్డు వైపు చేతులు కొట్టి కొట్టి ఊపిరి అందక ఉన్నప్పుడు వాడి తిట్టు గుర్తొచ్చింది. కొట్లాడడం మానేసి పక్కకు జరిగాను. వంద గజాల అవతల కాళ్ళకు ఇసక తగిలింది. దేవుడు కాపాడాడని ఒడ్డున ఉన్న జాలరి అన్నాడు. నన్ను కాపాడింది 19 ఏళ్ళ కుర్రాడు, అప్పటికి వాడు పోయి 19 ఏళ్ళు. ఈ అంకెలు కలిశాయి కదా అని న్యూమరాలజీ ఆయన మురిసిపోగలడు. నేను మాత్రం ఈత గురించే చెబుతాను.

పక్కింటావిడ అంతా విని, "అయితే నా బిడ్డకు ఏమీ కాదంటారా?" అని అడిగింది.

కాదని నేను చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని? ఎగిరే ఉద్యోగంలో ప్రమాదం ఉంది. దాన్ని తగ్గించేవి శిక్షణ, విమానం మరమ్మతు, వాతావరణం చూసి ఎగరడం, తప్పు కనిపిస్తే పైఅధికారికైనా చెప్పే ధైర్యం. పేరులో ఇంకో అక్షరం వీటిలో దేన్నీ పెంచదు, తగ్గించదు. "పేరు మార్చకపోవడం వల్ల మాత్రం వాడికి ఏమీ కాదమ్మా. అంతవరకు నేను పూచీ" అన్నాను. "ఇంకోటి. ఆ పేరు పెట్టింది మీరేగా. రేపు వాడికి చిన్న జలుబు చేసినా ఆ పేరే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి. నేను ఒకరు అలా నమ్మడం చూశాను."

రుసుం కట్టిందో లేదో నేను అడగలేదు. అబ్బాయి సర్టిఫికెట్లలో పేరు మార్చడానికి ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. వెళ్ళేముందు రోజు మా ఇంటికి వచ్చి కాళ్ళకు దండం పెట్టబోతే వద్దని కూర్చోబెట్టాను. ఇంటికి వచ్చినప్పుడల్లా విమానాల గురించి వాళ్ళ అమ్మకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఎందుకంకుల్ అని నవ్వాడు. లైటాలర్ కథ వాడికి అప్పుడు చెప్పలేదు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు చెబుతాను.

మా నాయనమ్మ 1986లో పోయింది. అప్పటికి నాకు 24 ఏళ్ళు. హేతువాద సభలకు వెళుతున్నాను, ఊళ్ళో అందరితో దేవుడున్నాడా లేడా అని వాదిస్తున్నాను. ఇంట్లో ఆ ముసలమ్మ పక్కన కూర్చుని "నాయనమ్మా, దోనె బరువెక్కువై మునిగింది, నువ్వు పెట్టిన పేరు వల్ల కాదు" అని ఒక్కసారి చెప్పాలని నాకు తోచలేదు. నాకు తెలిసిన హేతువాదమంతా నిజంగా అక్కరకు వచ్చే చోటు అదొక్కటే.